పచ్చగా ఉంటే చాలదు
(తీరపు ఉప్పు పర్రల జీవావరణం, కాలుష్యం: స్మారకోపన్యాస పాఠం)



ఇలాంటి స్మారక సభల్లో ఉపన్యాసకుడు ముందు కాసేపు తన అనర్హత గురించి వినయంగా మాట్లాడటం, ఆ తర్వాత కీర్తిశేషుల గుణగణాలు ఏకరువు పెట్టడం ఆనవాయితీ. ఈ సభ ఎవరి స్మృతిలో జరుగుతోందో ఆ మాస్టారికి రెండూ గిట్టేవి కావు. అందుకని ఆయన గురించి ఈ పూటకు అవసరమైన ఒక్క సంగతే చెబుతాను. ఆయన మాకు వృక్షశాస్త్రం చెప్పారు. ఆకు, పువ్వు చూసి మొక్క పేరు రాసుకొస్తే రికార్డు పుస్తకం వెనక్కి ఇచ్చేసేవారు. వేరు చూశావా, అది ఏ నేలలో ఉంది, ఆ నేల తడి ఎంత, వాసన ఏమిటి అని అడిగేవారు. పరీక్షలో వాటికి మార్కులు లేవని ఎవరైనా గొణిగితే, పరీక్ష మూడు గంటల్లో అయిపోతుంది కదా అని నవ్వేవారు.

ఈ రోజు నేను చెప్పదలచుకున్నది ఆయన అలవాటుకు కొనసాగింపే. తీరంలోని ఉప్పు పర్రల ఆరోగ్యాన్ని పైన కనిపించే పచ్చదనంతో కొలవకూడదు. అడుగున బురదలో కొలవాలి. అక్కడికి చేరిన విషం త్వరగా పోదు, చాలాసార్లు పైకి కనపడదు, ఒక్కోసారి పచ్చదనాన్ని పెంచుతూనే నేలను గుల్ల చేస్తుంది. దీనికి రుజువులు ఎక్కువగా అమెరికా తూర్పు తీరం నుంచి చూపిస్తాను. ఒకే పర్రను దశాబ్దాల తరబడి విడవకుండా తవ్వి చూసినవాళ్లు అక్కడ ఉన్నారు. ఆ తర్వాత మన తీరానికి వద్దాం.

పర్ర ఎలా బతుకుతుంది

కోరంగి దగ్గర పడవెక్కి ఏటి పాయలో సముద్రం వైపు వెళ్లినవాళ్లకు మడ చెట్లు గుర్తుంటాయి. నీటిలోకి దిగిన వేర్లు, బురదలోంచి పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేర్లు, వాటి మధ్య గెంతే చేపలు, మండపీతలు. ఫోటోలు తీసుకునేది అక్కడే. ఆ మడ వెనక, ఊళ్ల వైపు, నేల జానెడు ఎత్తు పెరిగే చోట చెట్లు ఒక్కసారిగా ఆగిపోతాయి. అక్కడి నుంచి మోకాలెత్తు మించని మొక్కలు, మధ్యమధ్య బోడి నేల, వేసవిలో తెల్లటి ఉప్పు పొర. కృష్ణా, పాత గుంటూరు జిల్లా, కోనసీమ తీరాల్లో పర్ర అంటే ఇదే. పశువుల్ని తోలుకెళ్లేవాళ్లకూ పీతలు పట్టేవాళ్లకూ తప్ప మిగతావాళ్లకు అది దాటి వెళ్లే దారి మాత్రమే.

చెట్లు అక్కడ ఆగిపోవడానికి కారణం నీటి లెక్క. పోటు రోజుకు రెండుసార్లు వచ్చినా పర్ర దాకా ఎక్కేది అమావాస్యకూ పౌర్ణమికీ వచ్చే పెద్ద పోటే. ఎక్కిన నీరు పాటుతో పూర్తిగా దిగదు. పల్లాల్లో నిలిచి ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. అలా పోటు మీద పోటు వచ్చి నేలలో ఉప్పు సముద్రపు నీటిని మించిపోతుంది. ఆ స్థితిలో మడ కూడా నిలవలేదు. నిలిచేవి ఇలకూర, వంగరెడ్డికూర, కణుపుల కాడలా ఉండే సాలికోర్నియా, కొన్ని చవుడు గడ్డులు. గడ్డులు తప్ప ఇవి ఉప్పును ఆకు కణాల్లోని నీటి తిత్తుల్లో బంధించి పెట్టుకుంటాయి. అందుకే ఆకులు లావుగా, నీటితో బిగిసి ఉంటాయి. వేసవి ముదిరేకొద్దీ ఎర్రబడతాయి. తీరపు పేదలు వీటి లేత ఆకులు కోసి, ఉడకబెట్టి ఉప్పునీరు వంచేసి వండుకున్నారు. పాయల ఒడ్డున ఇంకో విశేషముంది. పోర్టెరేసియా అనే అడవి వరి ఉప్పునీటిలో నిలబడి గింజ కడుతుంది. చవుడు తట్టుకునే వరి వంగడాల కోసం శాస్త్రవేత్తలు దాని జన్యువుల వైపు చూస్తున్నారు.

చలి దేశాల్లో మడ బతకదు. అక్కడ పోటు తాకే నేల ఎక్కువగా గడ్డిదే. అమెరికా తూర్పు తీరం పొడవునా స్పార్టినా అనే గడ్డి పరుచుకుని ఉంటుంది. దాని ఆకుల మీద ఉప్పును బయటికి చెమర్చే గ్రంథులున్నాయి. ఎండలో చూస్తే ఆకు మీద ఉప్పు పలుకులు మెరుస్తాయి. మన పర్రకూ ఆ పర్రకూ మొక్కలు వేరు, ఎండ వేరు. అడుగున ఉన్న బురద కథ మాత్రం ఒకటే.

ఆ బురదను మాస్టారు మాకు చూపించిన తీరు చెబుతాను. రెండు అంగుళాల పీవీసీ పైపు ముక్కను అరగదీసిన అంచు వైపు నుంచి బురదలోకి నిటారుగా దించి, పైకొస మీద అరచెయ్యి గట్టిగా అదిమి, మెల్లగా తిప్పుతూ పైకి లాగాలి. ఆ పైపును గట్టు మీద పడుకోబెట్టి నిలువునా కోస్తే బురద కడ్డీలా బయటపడుతుంది. పైన వేలి మందాన గోధుమరంగు. దాని కింద ఒక్కసారిగా నలుపు. కోసిన క్షణంలో కుళ్లిన గుడ్డు వాసన. ఆ నలుపులో సన్నటి వేర్లు, ఎప్పటివో చచ్చిన వేర్ల పీచు, అక్కడక్కడ పీత బొరియ వెంట ఎర్రటి తుప్పు చార.

ఆ ఒక్క కడ్డీలో పర్ర జీవితమంతా ఉంది. గోధుమరంగు పొర దాకానే గాలి అందుతుంది. దాని కింద ప్రాణవాయువు లేదు. అక్కడి బాక్టీరియా సముద్రపు నీటిలోని సల్ఫేటుతో పని నడిపి హైడ్రోజన్ సల్ఫైడును వదులుతుంది. వాసన దానిదే. ఆ సల్ఫైడు ఇనుముతో కలిసి నల్లబడుతుంది. కాబట్టి నలుపూ దుర్వాసనా జబ్బు గుర్తులు కావు, పర్ర సహజ స్థితి అది. గాలి లేకపోవడం వల్ల కుళ్లడం నెమ్మదిస్తుంది. ఏటేటా చచ్చిన వేర్లు పూర్తిగా మట్టిలో కలవకుండా పోగుపడతాయి. పోటు తెచ్చిన ఒండ్రు వాటి మీద చేరుతుంది. ఇలా పర్ర తన నేలను తానే కట్టుకుంటుంది. సముద్ర మట్టం మెల్లగా పెరిగితే దానితో పాటు తానూ పెరుగుతుంది. ప్రపంచం మొత్తం మీద సగటు చూస్తే ఇలాంటి నేలలు ఏడాదికి హెక్టారుకు సుమారు 2 టన్నుల కర్బనాన్ని పూడ్చిపెడతాయని అంచనా. పీత బొరియలు ఆ నల్ల బురదలోకి గాలినీ నీటినీ దించి వేర్లకు ఊపిరి పోస్తాయి.

కర్బనాన్ని దాచిపెట్టే గుణమే విషాన్ని కూడా దాచిపెడుతుంది. ఇక్కడి నుంచి నా అసలు కథ.

వెస్ట్ ఫాల్మత్: కనపడకుండా పోయిన నూనె

1969 సెప్టెంబరు 16న మసాచుసెట్స్ రాష్ట్రంలోని బజర్డ్స్ బే అఖాతంలో ‘ఫ్లోరిడా’ అనే బార్జి వెస్ట్ ఫాల్మత్ దగ్గర నేలకు తగిలి చిల్లుపడింది. అందులో ఉన్నది 2వ నంబరు ఇంధన నూనె. చలికాలంలో ఇళ్లు వెచ్చగా ఉంచుకోవడానికి వాడే రకం, మన డీజిల్‌కు దగ్గరి చుట్టం. సుమారు 7 లక్షల లీటర్లు ఒలికింది. గాలీ అలలూ కలిసి దాన్ని వైల్డ్ హార్బర్ అనే చిన్న రేవులోకీ, అక్కడి పర్రలోకీ నెట్టేశాయి.

చమురు ప్రమాదాల పట్టికలో ఇది చిన్నది. దీన్ని ఇప్పటికీ చెప్పుకోవడానికి కారణం చుట్టుపక్కల ఎవరున్నారన్నది. కొద్ది మైళ్ల దూరంలోనే వుడ్స్ హోల్ సముద్ర పరిశోధన సంస్థ ఉంది. అందులో హోవార్డ్ శాండర్స్ సముద్రపు అడుగున బతికే జీవుల్ని లెక్కపెట్టడంలో దిట్ట. మాక్స్ బ్లూమర్ రసాయన శాస్త్రవేత్త, బురదలోని హైడ్రోకార్బన్ల మీద పనిచేస్తున్నవాడు. ప్రమాదం జరిగిన కొన్నాళ్లకే చేపలు, ఎండ్రకాయలు, పురుగులు కుప్పలుగా చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చాయి. శాండర్స్ బృందం వల లాగితే పైకి వచ్చినవాటిలో చాలా భాగం చచ్చినవీ, చావుబతుకుల్లో ఉన్నవీ.

అప్పటిదాకా ఉన్న నమ్మకం ఏమిటంటే, తేలిక నూనె కొంత ఆవిరైపోతుంది, మిగిలింది అలలు కడిగేస్తాయి, కొన్ని నెలల్లో అంతా మామూలే. పైకి చూస్తే అలాగే కనిపించింది కూడా. నీటి మీద తెట్టు పోయింది. బ్లూమర్ మాత్రం గ్యాస్ క్రొమటోగ్రఫీతో ఆ నూనె రసాయన ముద్రను పట్టుకుని, అదే ముద్ర బురదలోనూ ఆల్చిప్పల మాంసంలోనూ నెలల తర్వాత కూడా ఉందని చూపించాడు. ఆల్చిప్పలు ఏరుకునే చోట్లు మూసేయాల్సి వచ్చింది. నూనె పోలేదు, చూపు అందని చోటుకు చేరింది.

ఏడెనిమిదేళ్లు గడిచాక పీతల సంగతి బయటపడింది. ఒక చెయ్యి మాత్రం ఒంటికి మించి పెద్దగా ఉండే చిన్న పీత ఒకటుంది. మన బురదల్లోనూ దాని జాతివాళ్లున్నారు. పోటు తగ్గగానే బొరియలోంచి వచ్చి ఆ పెద్ద చెయ్యి ఊపుతూ తిరుగుతుంది. చలికాలంలో గడ్డకట్టే పొర కిందికి బొరియ దింపుకుని బతుకుతుంది. నూనె చేరిన చోట పీతలు తక్కువయ్యాయి, నడక తడబడింది, బొరియల ఆకారం మారింది, చలికి చావులు పెరిగాయి. 1977లో క్రెబ్స్, బర్న్స్ అనే పరిశోధకులు ఈ సంగతులన్నీ ప్రకటించారు.

2000వ సంవత్సరం ఆగస్టులో క్రిస్టఫర్ రెడ్డి బృందం అదే పర్రలో బురద కడ్డీలు తీసింది. నూనె అక్కడే ఉంది. పైన కొన్ని సెంటీమీటర్లు శుభ్రంగా ఉన్నాయి. దాని కింద, సుమారు 6 నుంచి 28 సెంటీమీటర్ల లోతున, 31 ఏళ్ల కిందటి నూనె. ప్రమాదం జరిగిన కొత్తలో కొలిచిన మోతాదులకు దగ్గరగానే ఉంది. బాక్టీరియా తేలిగ్గా అరిగే భాగాల్ని తినేసి మొండి భాగాల్ని వదిలేసింది. గాలి ఆడని చోట వాటిని అరిగించడం దానికి చేతకాదు. కర్బనాన్ని శతాబ్దాల పాటు కాపాడే గదే నూనెనూ కాపాడింది.

ఆ తర్వాత జెన్నిఫర్ కల్బర్ట్‌సన్, సహ పరిశోధకులు పీతల బొరియలకు అచ్చులు తీశారు. శుభ్రమైన పర్రలో బొరియ నిటారుగా లోతుకు దిగుతుంది. వైల్డ్ హార్బర్‌లో బొరియ నూనె పొర దాకా వెళ్లి, అక్కడ పక్కకు తిరిగింది. కొన్ని తిరిగి పైకి వంగాయి. ఆ పీతలు మేత తక్కువ తింటున్నాయి. బెదిరిస్తే ఆలస్యంగా కదులుతున్నాయి. ప్రమాదం నాటికి ఆ పీతలు పుట్టనైనా లేదు. ఎన్నో తరాల తర్వాత వచ్చినవి. ఒడ్డున నిలబడి చూసిన మనిషికి ఏ లోపమూ కనపడని చోట, అడుగున ఏముందో అవి గుర్తుపట్టాయి.

ఎరువు: పచ్చగా చేసే కాలుష్యం

నూనె సంగతి అర్థం కావడం తేలిక, విషమని అందరికీ తెలుసు. ఇంకో రకం కాలుష్యం ఉంది. అది మొక్కకు ఆహారం. దాన్ని పట్టుకోవడం కష్టం.

వెస్ట్ ఫాల్మత్ పక్కనే గ్రేట్ సిప్పెవిసెట్ అనే పర్ర ఉంది. 1970ల మొదట్లో ఇవాన్ వాలియెలా, జాన్ టీల్ అక్కడ వలయాకారంలో మడులు గీసి, మురుగు బురదతో చేసిన ఎరువును ఎదుగుదల కాలంలో క్రమం తప్పకుండా చల్లడం మొదలుపెట్టారు. ఊళ్ల మురుగును పర్రలకు వదిలితే అవే శుభ్రం చేసిపెడతాయా అన్నది అప్పటి ఆశ. ఆ ఆశకు కొంత ఆధారమూ దొరికింది. గాలి లేని బురదలో కొన్ని బాక్టీరియాలు నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి వదిలేస్తాయి. పొట్టి గడ్డి ఏపుగా ఎదిగింది. మురుగులోని భార లోహాలు చాలా వరకు బురదలోనే నిలిచిపోయాయి. పైనుంచి చూస్తే ఎరువు వేసిన మడి పక్క మడి కన్నా ముచ్చటగా ఉంది.

వాళ్లు అడుగున కూడా చూశారు. 1976లోనే ఆ మడుల్లో వేర్ల రాశి తగ్గిందని ప్రకటించారు. కారణం మనకు తెలియనిది కాదు. ఇంటి ముందే కుళాయి ఉన్నవాడు బిందె పట్టుకుని చెరువుకు ఎందుకు వెళతాడు? నత్రజని చేతికందితే గడ్డి తన శక్తిని వేర్ల మీద ఖర్చు పెట్టదు, ఆకు మీద పెడుతుంది.

ఇది చిన్న మడుల్లో సంగతి. ఒక పాయ మొత్తానికి అలా జరిగితే? లిండా డీగన్, సహ పరిశోధకులు మసాచుసెట్స్ ఉత్తర తీరాన ప్లమ్ ఐలండ్ దగ్గర ఈ ప్రశ్న తీసుకున్నారు. 2004లో మొదలుపెట్టి, పాయలోకి ఎక్కే పోటు నీటిలోనే నైట్రేటు కలిపారు. ఎరువుల నీరు చేరిన తీరాల్లో సహజంగా కనిపించే మోతాదులోనే కలిపారు. మొదటి ఏళ్లలో గడ్డి పెరిగింది. ఆ తర్వాత ఒడ్డున ఏపుగా ఎదిగిన గడ్డి తన బరువుకు తానే వాలడం మొదలైంది. ఒడ్డు వెంట పగుళ్లు వచ్చాయి. గడ్డితో సహా ఒడ్డు ముక్కలుగా విరిగి పాయలోకి జారింది. గడ్డి ఉన్న చోట ఉత్త బురద మిగిలింది. తొమ్మిదేళ్ల ఈ పరిశీలన 2012లో ‘నేచర్’ పత్రికలో వచ్చింది.

ఒడ్డు కూలడానికి రెండు కారణాలు కలిశాయి. మట్టిని పట్టి ఉంచే వేర్లు పలచబడ్డాయి. రెండోది ఇంకా లోతైనది. నైట్రేటు బురదలోకి దిగితే ప్రాణవాయువు లేని లోటును అది తీరుస్తుంది. బాక్టీరియా దాని ఆసరాతో ఏళ్ల నాటి వేర్ల పీచును వేగంగా కుళ్లబెడుతుంది. అంటే పర్ర తన కింద తాను పోగేసుకున్న పునాదే కరుగుతుంది. పైన పచ్చదనం పెరిగిన ఏళ్లలోనే ఇది జరిగింది. ఉపగ్రహం నుంచి చూసి ఆరోగ్యం అంచనా వేసేవాడు ఆ ఏళ్లలో ఈ పర్రకు మంచి మార్కులు వేసి ఉండేవాడు.

అన్ని పర్రల్లో ఇలాగే జరిగిందని చెప్పను. ఎరువు అందినా వేర్లు తగ్గని చోట్లు కూడా పరిశోధనల్లో ఉన్నాయి. ఒండ్రు ఎంత వస్తుంది, పోటు ఎత్తు ఎంత, నేల ఇసుకదా బంకదా అన్న దాన్ని బట్టి ఫలితం మారుతుంది. నా వాదనకు ఈ తేడాలు బలమే ఇస్తాయి. పైన పచ్చదనం అన్ని చోట్లా ఒకేలా ఉంది. తేడా తెలిసింది తవ్వినప్పుడే.

లోహాల గురించి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. జార్జియా రాష్ట్రంలో బ్రన్స్‌విక్ దగ్గర పర్ర అంచున ఉన్న రసాయన కర్మాగారం నుంచి పాదరసం, పీసీబీలనే విష రసాయనాలు ఏళ్ల తరబడి బురదలో చేరాయి. 1994లో అది మూతపడింది. మూత పడినంత మాత్రాన కాలుష్యం ఆగలేదు. సల్ఫేటు మీద బతికే అదే బాక్టీరియా పాదరసాన్ని మిథైల్ పాదరసంగా మారుస్తుంది. ఆ రూపంలో అది పురుగు నుంచి చేపకు, చేప నుంచి పక్షికి ఎక్కుతుంది. అక్కడ వాడిన ప్రత్యేక రకం పీసీబీ ఆ తీరంలో తిరిగే డాల్ఫిన్ల కొవ్వులో దొరికింది. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోవాలి. నల్ల బురదలో సల్ఫైడుతో బంధించి ఉన్న లోహాలు కదలవు. ఆ బురదను తవ్వి గట్టు మీద ఎండబెడితే సల్ఫైడు గాలి తగిలి గంధకామ్లం అవుతుంది, లోహాలు వదులవుతాయి. పర్ర జోలికి పోకుండా ఉంటే అది లోహాలకు జైలు, తవ్వితే జైలు తలుపు తీసినట్టే.

మన తీరం

వెయ్యి కిలోమీటర్లకు అటూ ఇటూ ఉన్న మన తీరంలో నౌపడా ఉప్పు కొటార్ల నుంచి పులికాట్ దాకా ఇలాంటి నేలలు ముక్కలు ముక్కలుగా ఉన్నాయి. గోదావరి, కృష్ణా మొగల దగ్గర విస్తారంగా ఉన్నాయి. 1978లో ఏర్పడిన కోరంగి అభయారణ్యంలో మడతో పాటు వాటికీ కొంత రక్షణ దొరికింది. దాని బయట ఉన్నవి 1980ల చివర నుంచి రొయ్యల చెరువులుగా మారుతూ వచ్చాయి. పర్ర రొయ్యకు అనువుగా కనిపించింది. ఉప్పునీరు దగ్గర, వరి పండదు, ధర తక్కువ. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి టైగర్ రొయ్యను ఊడ్చేసింది. ఎన్నో చెరువులు వదిలేశారు. 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు ఎస్. జగన్నాథ్ కేసులో తీరప్రాంత నియంత్రణ మండలంలోని చెరువుల్ని తొలగించమంది. 2005లో వచ్చిన కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వాటికి మళ్లీ దారి ఇచ్చింది. 2009 నుంచి వనామి రొయ్య వచ్చాక చెరువులు మునుపటి కన్నా పెరిగాయి. ఈ చరిత్ర మీలో చాలామంది ఇళ్లలోనే ఉంది. ఈ కాలేజీలో ఫీజులు కట్టిన డబ్బులో రొయ్య డబ్బు ఎంతో ఉంది. దాన్ని తిట్టడానికి నేను రాలేదు.

రొయ్యకు వేసిన మేతలోని నత్రజనిలో దాని ఒంటికి పట్టేది స్థూలంగా పావు వంతు, కొంచెం అటూ ఇటూ. మిగిలింది నీటిలో, చెరువు అడుగున చేరిన నల్లటి మడ్డిలో ఉంటుంది. పట్టుబడి అయ్యాక తూము తీస్తే ఆ నీరు, మోటారు పెట్టి తోడితే ఆ మడ్డి, రెండూ మురుగు కాలువకు పోతాయి. అదే కాలువలోకి ఎగువ నుంచి దాళ్వా వరి చేల యూరియా నీరు వస్తుంది. కాలువ ఉప్పుటేరులో కలుస్తుంది. ఉప్పుటేరు పోటుతో పర్ర మీదికి ఎక్కుతుంది. ప్లమ్ ఐలండ్‌లో పరిశోధకులు ట్యాంకులతో చేసిన పనిని మనం ఏడాదికి రెండు పంటలు చొప్పున చేస్తున్నాం.

ఇక్కడ నియమం తీరు చూడండి. 2005 చట్టం కింద వచ్చిన మార్గదర్శకాల్లో వ్యర్థజలాల శుద్ధి వ్యవస్థ తప్పనిసరి అన్నది 5 హెక్టార్లు, ఆపై నీటి విస్తీర్ణం ఉన్న చెరువులకు. మన దగ్గర ఎక్కువమంది రైతులవి అంతకన్నా చిన్నవి. ఏ ఒక్క చెరువు వల్లా పాయ చెడదు. ఒకే కాలువ మీద వందల చెరువులు ఒకే వారంలో తూములు తీస్తే చెడుతుంది. నియమం చెరువును కొలుస్తోంది, బురదకు తెలిసేది కాలువ.

గట్ల సంగతి మరోటి. చెరువు కోసం వేసిన గట్టు పోటును ఆపుతుంది. గట్టు వెనక పర్ర ఎండి బీటలిస్తుంది, అడుగున సల్ఫైడు ఆమ్లమవుతుంది. చెరువు వదిలేసినా గట్టు నిలబడే ఉంటుంది కాబట్టి పోటు తిరిగి రాదు. మొగ పూడిపోయిన చోటా ఇదే కథ. అక్కడ సర్కారు తుమ్మ మొలుస్తుంది. పచ్చగానే ఉంటుంది.

పర్రను ప్రభుత్వం రెండు కళ్లతో రెండు రకాలుగా చూస్తుంది. 2011, 2019 తీరప్రాంత నియంత్రణ ప్రకటనలు రెండూ ఉప్పు పర్రల్ని మడ అడవులతో పాటు అత్యంత సున్నితమైన వర్గంలో పెట్టాయి. జాతీయ బంజరు భూముల అట్లాసు చూస్తే చవుడు నేలలూ చిత్తడి నేలలూ బంజరు వర్గాల్లో ఉన్నాయి. ఒక కాగితం కాపాడమంటుంది, ఇంకో కాగితం వాడుకోమంటుంది. మండల కార్యాలయంలో రెండోదే ముందు తెరుస్తారు.

పచ్చదనం మీద మోజు వల్ల జరిగే ఇంకో పొరపాటు మొక్కలు నాటడం. సునామీ తర్వాత సరుగుడు, ఇప్పుడు మడ. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన మిష్టి పథకం తీరం వెంట, ఉప్పు కొటార్ల భూముల్లో మడ పెంచాలంటుంది. ఉద్దేశం మంచిదే. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ, ఊళ్లలోని వన సంరక్షణ సమితులు కలిసి గోదావరి, కృష్ణా మొగల్లో చేసిన పని దీనికి పాఠం కావాలి. అక్కడ పాత నరికివేతల తర్వాత నేల కుంగి పల్లాలు ఏర్పడ్డాయి. పోటు నీరు నిలిచి ఉప్పు పెరిగి ఇలకూర మాత్రం మిగిలింది. వాళ్లు ముందు మొక్క పట్టుకోలేదు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి పోటు నీరు వచ్చిపోయేలా చేసి, ఉప్పు తగ్గాక కాలువ ఒడ్డున మడ నాటారు. అది బతికింది.

అయితే ఇలకూర ఉన్న ప్రతి పల్లమూ చెడిన మడ కాదు. కొన్ని చోట్ల అది ఎప్పటి నుంచో పర్రే. తీరపు కొంగలకూ, చలికాలపు వలస పక్షులకూ ఆ బోడి నేలే మేత బీడు. చెట్లు దట్టంగా ఉంటే అవి దిగవు. రెండు చోట్లా పైన ఒకే ఇలకూర. అడుగున మడ వేర్ల పీచు ఉందా లేదా అన్నదే తేడా. పైపు దించితే పది నిమిషాల్లో తేలే ప్రశ్నకు జవాబు తెలుసుకోకుండా లక్షల మొక్కలు నాటడం డబ్బు తగలేయడమే.

చేయవలసినవి

మొదటిది, వ్యర్థాల అనుమతి చెరువు లెక్కన కాక కాలువ లెక్కన ఉండాలి. ఒక మురుగు కాలువ మీద ఉన్న చెరువులన్నీ కలిసి ఒక శుద్ధి చెరువు పెట్టుకోవాలి. తూములు వంతుల వారీగా తీయాలి. సాగునీటి వంతులు పెట్టుకోవడం తెలిసిన రైతులకు ఇది కొత్త విద్య కాదు. రెండోది, వదిలేసిన చెరువుల గట్లకు గండ్లు కొట్టాలి. ఏ మొక్కా నాటకుండానే పోటు చాలా పని చేసిపెడుతుంది. మూడోది, ఏ తీర పథకానికైనా భూమి ఇచ్చే ముందు, ఏ మొక్కలైనా నాటే ముందు, బురద కడ్డీ తీసి నమోదు చేయడం నిబంధన కావాలి.

నాలుగోది మీ చేతిలోనే ఉంది. వెస్ట్ ఫాల్మత్ నేర్పిన పాఠానికి మూలం పెద్ద యంత్రాలు కాదు. ఒకే చోటికి మళ్లీ మళ్లీ వెళ్లి, ముందు వాళ్లు రాసిన లెక్క పక్కన తమ లెక్క రాసిన మనుషులు. ఈ కాలేజీకి పర్ర సైకిలు దూరంలో ఉంది. కాలువ కలిసే చోట ఒకటి, కాలువ ప్రభావం లేని చోట ఒకటి, వదిలేసిన చెరువు గట్టు వెనక ఒకటి, మూడు గుర్తు కర్రలు పాతండి. ఏటా వేసవికి ముందూ వానల తర్వాతా కడ్డీలు తీయండి. గోధుమరంగు పొర మందం, వేర్ల తూకం, ఉప్పు, పీత బొరియల లెక్క, ఒడ్డు ఎంత జరిగింది. ఇవి కొలవడానికి పైపు, త్రాసు, స్కేలు, ఒక చవకైన ఉప్పు మీటరు చాలు. రికార్డు పుస్తకం ఒకటే ఉండాలి, బ్యాచీలు మారినా అది మారకూడదు.

నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ స్మారక నిధిలో ఉపన్యాసకుడి ప్రయాణానికీ శాలువాకూ పెట్టే ఖర్చు ఆ కొలతలకు సరిపోతుంది. వచ్చే ఏడాది ఈ వేదిక మీదికి ఎవర్నీ పిలవకండి. ఆ పుస్తకంలోని మొదటి ఏడాది అంకెల్ని ఒక విద్యార్థి చేత చదివించండి. వాటిని ఈ కాలువ మీది రైతులతో, మండల అధికారులతో కూర్చుని చర్చించండి.